కరువు భత్యం లెక్క మన కూరల సంచీలోనే ఉంది

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



"మావారికి డి.ఎ. పెరిగిందండీ" అని ఒకావిడ సంతోషంగా చెప్తుంది. "పెరిగితే ఏం లాభం, ధరలు అంతకుముందే పెరిగాయిగా" అని ఇంకొకావిడ నిట్టూరుస్తుంది. ఇద్దరి మాటా నిజమే. అసలీ డి.ఎ. అంటే ఏమిటి? అది ఇంత పెరగాలని ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారు? అందరికీ ఎందుకు రాదు? ఇవన్నీ ఆఫీసు వ్యవహారాలు, యూనియన్ల గొడవలు, మనకెందుకులే అనుకుంటాం. కాని ఆ లెక్క మొదలయ్యేది మనం కూరలు కొనే సంచీలోనే. అంచేత దాన్ని గురించి మనకే ఎక్కువ తెలిసుండాలి.

డి.ఎ.ని తెలుగులో కరువు భత్యం అంటాం. జీతం పెరగడం వేరు, కరువు భత్యం పెరగడం వేరు. జీతం పెరిగితే మనం నిన్న కొనలేనిది ఇవాళ కొనుక్కోగలగాలి. కరువు భత్యం పెరిగితే నిన్న కొన్నదే ఇవాళా కొనుక్కోగలుగుతాం, అంతే. అదైనా పూర్తిగా ఇస్తేనే. అంటే అది బహుమానం కాదు, అరిగిపోయిన రూపాయికి వేసే అతుకు.

ఆ రూపాయి ఎంత అరిగిందో కొలిచే కొలబద్దనే వినియోగదారుల ధరల సూచీ అంటారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. పదో తరగతి లెక్కలు కూడా అక్కర్లేదు, పచారీ చీటీ రాయడం వస్తే చాలు.

ఒక ఇంట్లో నెలకు నాలుగే నాలుగు సరుకులు కొంటారనుకుందాం. బియ్యం 30 కిలోలు, కిలో 50 రూపాయల చొప్పున 1,500. నూనె 4 కిలోలు, 150 చొప్పున 600. పాలు 30 లీటర్లు, 60 చొప్పున 1,800. చింతపండు అరకిలో 100. మొత్తం 4,000 రూపాయలు. దీన్ని నూరు అనుకోండి. ఏడాది తర్వాత సరిగ్గా ఇవే సరుకులు, ఇదే తూకం, ఇదే రకం కొన్నాం. బియ్యం కిలో 55 అయింది, నూనె 165, పాలు 64, చింతపండు ఏకంగా రెట్టింపు. ఇప్పుడు మొత్తం 4,430. నాలుగు వేలు నూరైతే ఇది 110.75. అదే సూచీ. పది పాయింట్ల ముప్పావు పెరిగిందన్నమాట.

ఇందులో ఒక తమాషా గమనించారా? చింతపండు రెట్టింపైంది, అయినా దానివల్ల పెరిగింది వంద రూపాయలే. బియ్యం కిలోకి అయిదు రూపాయలే పెరిగింది, కాని దానివల్ల 150 రూపాయల భారం పడింది. ధర ఎంత పెరిగిందన్నది ఒక్కటే కాదు, మన ఖర్చులో ఆ సరుకు వాటా ఎంత అన్నది కూడా ముఖ్యం. సూచీ లెక్కలో ప్రతి సరుకుకీ ఇలాంటి వాటా ఒకటి కట్టి ఉంటుంది. ఆ వాటాల దగ్గరే తగాదాలన్నీ పుడతాయి. అది తర్వాత చెప్తాను.

మన దేశంలో పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని తయారుచేసేది కేంద్ర కార్మిక శాఖ కింద ఉన్న లేబర్ బ్యూరో. ఈ బ్యూరో 1946లో ఏర్పడింది. ఇప్పటి లెక్కకు 2016వ సంవత్సరాన్ని నూరుగా తీసుకున్నారు. దేశంలో 88 కేంద్రాలు, వాటిలో 317 బజార్లు ఎంచుకుని అక్కడి ధరలు రాసుకుంటారు. మన వైపు గుంటూరు, నెల్లూరు, విశాఖపట్నం, హైదరాబాదు, వరంగల్లు, మణుగూరు ఈ జాబితాలో ఉన్నాయి. ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, రైల్వేలు, బస్సులు, కరెంటు, ఓడరేవులు, ఈ ఏడు రంగాల్లో పనిచేసేవాళ్ళ కుటుంబాల ఖర్చే దీనికి ఆధారం.

ఆ ఖర్చు ఎలా తెలుస్తుందంటే, ఇంటింటికీ వెళ్ళి అడుగుతారు. 2016 సూచీ కోసం 48,384 కుటుంబాలను అడిగారు. ఏం తింటున్నారు, ఏం కడుతున్నారు, అద్దె ఎంత, పిల్లల ఫీజు ఎంత, మందులకెంత అన్నీ రాసుకున్నారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది చాలా ఇళ్ళలో ఎవరో వేరే చెప్పాలా? దేశంలో లక్షల మంది జీతం ఆ జవాబుల మీద ఆధారపడి ఉంటుందని ఆ ఇల్లాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి!

అలా వచ్చిన లెక్క ప్రకారం, నూరు రూపాయల ఖర్చులో తిండికి 39 రూపాయల 17 పైసలు, ఇంటి అద్దెకు 16.87, బట్టలకు, చెప్పులకు 6.08, వంటగ్యాసు, కరెంటు వగైరాలకు 5.50, పాన్, పొగాకు, మత్తు పదార్థాలకు 2.07. మిగిలిన 30.31 చదువు, వైద్యం, ప్రయాణం, ఫోను వంటి ఇతర ఖర్చులు. దీనికి ముందు 2001 నాటి లెక్కలో తిండి వాటా 46.19. అంతకుముందు 1982 లెక్కలో 57.

తిండి వాటా తగ్గుతోందంటే మంచిదేగా, జనం స్థితి బాగుపడుతోందనేగా అర్థం? ఒక విధంగా అవును. బడికి, ఆసుపత్రికి, బస్సుకి పెట్టే ఖర్చు పెరిగిందని కూడా అర్థం. కాని ఇందులోనే ఒక మెలిక ఉంది. తిండి ధరలన్నీ నూటికి పది పెరిగాయనుకోండి. పాత వాటా ప్రకారమైతే సూచీ 4.6 పాయింట్లు లేస్తుంది. కొత్త వాటా ప్రకారం 3.9 మాత్రమే. ఇక, సంపాదనలో అరవై వంతులు తిండికే పోయే ఇంట్లో నిజంగా పడే భారం ఆరు. సూచీ సగటు ఇంటికి సరిపోతుంది, బీద ఇంటికి సరిపోదు. కొత్త లెక్క వచ్చినప్పుడు కొన్ని కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పింది ఇందుకే.

పాత లెక్కనూ కొత్త లెక్కనూ కలపడానికి ఒక గుణకం ఉంటుంది. 2016 సూచీని 2.88తో గుణిస్తే 2001 నాటి సూచీలో ఎంతో తెలుస్తుంది. దాన్ని 4.63తో గుణిస్తే 1982 లెక్కకూ, మళ్ళీ 4.93తో గుణిస్తే 1960 లెక్కకూ వెళ్తాం. 2024 డిసెంబరులో అఖిల భారత సూచీ 143.7. పై గుణకాలన్నీ వేసి చూస్తే 1960 లెక్కలో సుమారు 9,446 వస్తుంది. అంటే 1960లో మన అమ్మమ్మలు నూరు రూపాయలతో జరుపుకున్న సంసారానికి ఇప్పుడు తొమ్మిది వేల నాలుగు వందల పైచిలుకు కావాలి. ఆ గుణకంలో రవ్వంత తేడా వచ్చినా ప్రతి నెలా ప్రతి కార్మికుడి జీతంలో తేడా వస్తుంది. 2.88 అనేది మనకు ఉత్త అంకెలా కనిపిస్తుంది. యూనియన్ వాళ్ళకు అది నెలనెలా వచ్చే బియ్యం బస్తా.

సరే, సూచీ తయారైంది. అది జీతంలోకి ఎలా వస్తుంది? కేంద్ర ప్రభుత్వోద్యోగులకు జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి కరువు భత్యం లెక్క కడతారు. వెనకటి పన్నెండు నెలల సూచీల సగటు తీస్తారు. 2016 జనవరిలో కొత్త జీతాలు పెట్టిననాటి సూచీ కంటే అది నూటికి ఎంత ఎక్కువుందో చూసి, పూర్ణసంఖ్య మటుకు తీసుకుంటారు. 2025 జనవరికి అది 55 వచ్చింది. అంటే మూలవేతనం 18,000 ఉన్నవారికి కరువు భత్యం 9,900. పన్నెండు నెలల సగటు అన్నారు కనక, ఇవాళ ఉల్లిపాయ ధర పెరిగితే దాని ఫలితం పూర్తిగా అందేసరికి ఏడాది పడుతుంది. వానలో తడిసి ఇంటికి చేరాక గొడుగు ఇచ్చినట్టుంటుంది. ఆ మధ్యలో సంసారం నెట్టుకొచ్చేది ఎవరో మీకు తెలుసు.

ఇక కార్ఖానాల్లో, గనుల్లో, బ్యాంకుల్లో యాజమాన్యానికీ యూనియన్లకూ కుదిరిన వేతన ఒప్పందం ప్రకారం నడుస్తుంది. సూచీ ఇంత పెరిగితే ఇంత ఇవ్వాలి అని అందులో రాసుకుంటారు. ఇలా సూచీతోపాటు మారేదాన్ని వి.డి.ఎ. అంటారు. మారే కరువు భత్యం అన్నమాట. ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం ఉందా లేదా అన్నదే అసలు సంగతి. ఉంటే ధర పెరిగినప్పుడల్లా అడుక్కోనక్కర్లేదు, జీతం దానంతటది కదులుతుంది. లేకపోతే ప్రతిసారీ గేటు దగ్గర నిలబడాలి.

ఆ వాక్యం ఊరికే రాలేదు. 1918లో అహమ్మదాబాదులో ఏం జరిగిందో చూడండి. ప్లేగు రోజుల్లో కార్మికులు ఊరు విడిచి పోకుండా మిల్లు యజమానులు ప్లేగు బోనసు ఇచ్చారు. ప్లేగు తగ్గగానే ఆపేస్తామన్నారు. అప్పటికి యుద్ధం మూలాన ధరలు మండిపోతున్నాయి. కార్మికులు నూటికి 50 పెంచమన్నారు, యజమానులు 20 అన్నారు. గాంధీగారు మిల్లుల పరిస్థితీ, కార్మికుల ఖర్చులూ విచారించి 35 న్యాయమన్నారు. కార్మికుల పక్షాన ఆయనతోపాటు నిలబడిన అనసూయా సారాభాయ్, యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయ్‌కి స్వయానా అక్క. తమ్ముడు ఒక వైపు, అక్క ఒక వైపు. గాంధీగారు మూడు రోజులు ఉపవాసం చేశారు. చివరికి మధ్యవర్తి తీర్పులో 35 శాతమే వచ్చింది. ధరలు పెరిగితే జీతం పెరగాలి, ఎంత అన్నది లెక్క చూసి తేల్చాలి అన్న మాట అక్కడ బలపడింది. ఆ కార్మికుల సంఘం 1920లో ఏర్పడింది.

లెక్క ఉంటే చాలదు, లెక్క సరిగ్గా ఉండాలి. బొంబాయిలో 1963లో వచ్చిన గొడవ అదే. బజారులో ధరలు పెరుగుతున్నంతగా సూచీ పెరగడం లేదని కార్మిక సంఘాలు పట్టుబట్టాయి. ఆగస్టు 20న బొంబాయి బంద్ జరిగింది. ప్రొఫెసర్ లక్డావాలా అధ్యక్షతన ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం పరిశీలించి, సూచీ నిజంగానే తక్కువ చూపిస్తోందని తేల్చింది. సవరించారు. బజారుకు వెళ్ళే వాళ్ళ మాట నిజమని అలా రుజువైంది.

ఆ బొంబాయిలోనే 1972 నుంచి మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ వంటి వారి నాయకత్వంలో గృహిణులు ధరల మీద వీధికెక్కారు. చేతిలో జెండాలు కాదు, అప్పడాల కర్రలు, పళ్ళాలు! వాళ్ళలో ఉద్యోగం చెయ్యని ఇల్లాళ్ళు వేలమంది. సూచీ లెక్క వాళ్ళకు తెలియకపోవచ్చు, నూనె డబ్బా అడుగు కనిపించడం తెలుసు.

1974 మే 8న రైల్వే కార్మికులు దేశమంతటా సమ్మె చేశారు. వాళ్ళ కోరికల్లో కరువు భత్యం ముఖ్యమైనది. ఇరవై రోజులు సాగింది. ఎంతోమంది జైళ్ళకు వెళ్ళారు, ఉద్యోగాలు పోయాయి, క్వార్టర్స్‌లో ఉన్న ఆడవాళ్ళూ పిల్లలూ నానా అవస్థలు పడ్డారు. సమ్మె ఫలించకుండానే ముగిసింది. అదే ఏడు, పెరిగిన కరువు భత్యంలో సగం చేతికివ్వకుండా నిర్బంధంగా జమ చేయించుకునే చట్టం కూడా వచ్చింది. ధరలు పెరగకుండా ఉండాలంటే జనం చేతిలో డబ్బు తక్కువ ఉండాలని ప్రభుత్వం వాదన. ఇంట్లో మటుకు బియ్యం సగమే వండుకోలేం కదా.

మరీ పాత సంగతులనుకోకండి. కోవిడ్ వచ్చినప్పుడు 2020 జనవరి, జూలై, 2021 జనవరి మూడు వాయిదాల కరువు భత్యాన్ని కేంద్రం ఆపింది. 17 శాతం దగ్గర నిలిచినది 2021 జూలై నుంచి ఒకేసారి 28 అయింది. కాని మధ్యలోని పద్దెనిమిది నెలల బకాయి ఇవ్వలేదు. అంటే హక్కుగా రాసుకున్నది కూడా ఎప్పుడూ భద్రంగా ఉంటుందని చెప్పలేం.

ఇంకో చిత్రమైన లెక్క చెప్తాను. కనీస వేతనం ఎంతుండాలన్నది 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ తేల్చింది. ఒక కార్మికుడి సంసారాన్ని మూడు మనుషుల వాటాలుగా లెక్కవేశారు. మగవాడికి ఒకటి, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు చెరి 0.6. ఏడాదికి కుటుంబానికి 72 గజాల బట్ట. ఇంధనం, కరెంటు, చిల్లర ఖర్చులకు మొత్తంలో నూటికి ఇరవై. భార్య సంపాదనను లెక్కలోకి తీసుకోలేదు, ఒక్కడి జీతంతోనే ఇల్లు గడవాలన్న మంచి ఉద్దేశంతోనే. కాని ఆవిడ తిండి మాత్రం ముప్పాతికకు కొంచెం పైన అన్నారు. ఇంటెడు చాకిరీ చేసే మనిషికి ఆకలి తక్కువని ఎవరు చెప్పారో! 1991లో సుప్రీంకోర్టు దీనికి పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం వంటివాటి కోసం మరో 25 శాతం చేర్చాలంది.

సూచీ పట్టుకోలేనివి కొన్ని మనకే బాగా తెలుస్తాయి. బిస్కెట్ పొట్లం ధర మారదు, లోపల రెండు బిస్కెట్లు తగ్గుతాయి. అదే రకం కందిపప్పు ఉడకడానికి ఎక్కువ గ్యాసు తాగుతుంది. ఇంటి అద్దె సర్వే ఆరు నెలలకోసారి జరుగుతుంది, ఇంటివారు మాత్రం నిన్ననే పెంచుతారు. సూచీ మాదిరి బియ్యం ఒక రకం రాసుకుంటే మనం గతిలేక దాని కింద రకానికి దిగుతాం. అలా దిగినందుకు ఖర్చు పెరగలేదు, కాని కంచంలో అన్నం మారింది. ఇవన్నీ చూసి సూచీ అబద్ధమని కొట్టిపారెయ్యకూడదు. కొలబద్ద కొంచెం వంకరగా ఉన్నా అసలు లేకపోవడం కంటే నయం. లేకపోతే యజమాని చెప్పిందే ధర.

అలా కొలబద్దే అందనివాళ్ళు ఎంతమందో! చిన్న వర్క్‌షాపుల్లో, దుకాణాల్లో, ప్రైవేటు బళ్ళలో, "మొత్తం కలిపి ఇంత" అని జీతం తీసుకునేవాళ్ళకు సూచీ పెరిగితే ఏమీ రాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కనీస వేతనాల జాబితాలోని పనులకు ఏప్రిల్‌లో, అక్టోబరులో వి.డి.ఎ. సవరించడం ఆనవాయితీ. చట్టం ప్రకారం అది యజమాని ఇవ్వాల్సిందే. కాని అలాంటిది ఒకటుందని పనివాళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసినా ఒంటరిగా అడగలేరు. ఊళ్ళో, పేటలో ఉండే చిన్న యూనియన్ అవసరం అక్కడే. ప్రకటన తెచ్చి చదివి, జీతం చీటీతో సరిచూసి, "ఇన్ని రూపాయలు తక్కువిచ్చారు" అని లెక్కతో చెప్పే మనిషి ఒకరుండాలి. కేకలకంటే ఆ లెక్కకే బలం ఎక్కువ.

అంచేత మనం చెయ్యగలిగినవి రెండు మూడున్నాయి. ఒకటి, పచారీ పద్దు పుస్తకం ఉంచుకోవడం. పది సరుకుల ధరలు నెలనెలా ఒకే తేదీన రాయండి. ఏడాదికి మీ ఇంటి సూచీ మీరే కట్టుకోవచ్చు. రెండు, మీ ఇంట్లోవాళ్ళ జీతం చీటీ ఒకసారి చదవండి. డి.ఎ. అన్న వరస ఉందా, అది కదులుతోందా చూడండి. కదలకపోతే ఎందుకు కదలడం లేదో అడగమనండి. యూనియన్ మీటింగుకు వెళ్తానంటే "ఎందుకొచ్చిన గొడవ" అనే ముందు, కరువు భత్యం అలాంటి గొడవల్లోంచే వచ్చిందని గుర్తుంచుకోండి.

మూడోది కొంచెం కష్టమైన మాట. మనలో చాలామంది కూడా యజమానులమే. మన అంట్లు తోమే మనిషికి జీతమిచ్చేది మనమే. ఆవిడ కొనేది కూడా ఇదే బజారు బియ్యమే, ఆవిడ ఇంట్లో తిండి వాటా మన కంటే చాలా ఎక్కువ. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. అయినా మూడేళ్ళుగా అదే జీతం నడిచే ఇళ్ళు ఎన్ని లేవు? "యాభై పెంచమంటోందండీ, ఎంత ఆశో" అని మనమే చెప్పుకుంటాం. మన ఇంటికి ఏడాదికి రెండుసార్లు డి.ఎ. వస్తుంటే, ఆవిడకు ఏడాదికి ఒక్కసారైనా, అడగకుండా, ధరలు పెరిగినంత మేరకు జీతం పెంచడం దానం కాదు. పైన చెప్పిన లెక్కే, మన గుమ్మం లోపల వేసుకోవడం. ఆవిడ పక్షాన ఒప్పందం రాయించే యూనియన్ చాలాచోట్ల ఇంకా లేదు. ఆ వాక్యం మనమే రాసుకోవచ్చు.

ఈసారి డి.ఎ. పెరిగిందని పేపర్లో చూసినప్పుడు ఆ శాతం ఎంతో చూడండి. దాన్ని మీ ఇంటి పనిమనిషి జీతానికి కట్టి చూడండి. ఎన్ని రూపాయలొస్తాయో మీకే తెలుస్తుంది.